పొరుగిల్లును గృహక్షేమమును

మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు గడచిన వర్షకాలమున ప్రతిదినమును ఆలస్యముగా వచ్చుచుండెను. వాని యిల్లు పాఠశాలకు పిలుపు దూరముననే కలదు. ఒకనాడు కారణమడుగగా వాడు తలవంచుకొని, "చెఱువుగట్టు మీదుగా చుట్టు తిరిగి వస్తున్నానండి. ఆ యింటి ముందునుంచి పోవద్దని అమ్మ చెప్పింది" అనెను. ఆ యిల్లనగా వారి పొరుగిల్లే.

తరువాత విచారింపగా సంగతి తెలిసినది. వీరి వంటయింటి మురుగుకాలువ పొరుగువారి పడమటిగోడకు మిక్కిలి దగ్గఱగా పాఱుచున్నది. ముసురు పట్టినప్పుడు ఆ గోడ చెమ్మగిల్లును. మొదట మాటలతో చెప్పిరి. వీరు వినలేదు. వారు కాలువకు మట్టి యడ్డము వేసిరి. వీరు దానిని త్రవ్వి వేసిరి. అటుపిమ్మట తిట్లు, తిట్లయిన పిమ్మట ఒక రాత్రి దొడ్డిలో తుమ్మకంప, మఱికొన్నాళ్లకు ఇంటికప్పుపై రాళ్లు. ఠాణాకు పోగా అది సివిలు తగవనియు, కోర్టుకు పొమ్మనియు చెప్పి పంపిరట. నాటినుండి ఆ గృహస్థు మంచముప్రక్కన కఱ్ఱ పెట్టుకొని పరుండును. ఇల్లాలు దీపము పెట్టినపిమ్మట దొడ్డి తలుపు తీయదు. గోడయు తలుపును గడియయు అన్నియు నున్నవి. లేనిదెల్ల నిద్ర యొక్కటియే.

నేను వకీలును గాను. ఇట్టి సందర్భములలో నాకు చేతనైన పని పాతపుస్తకములు తిరుగవేయుటయే. పూర్వులు దీనినిగూర్చి ఏమి తలచిరో చూతమని కూర్చుంటిని.

మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున 1905లో శామశాస్త్రిగారి చేతబడి, 1909లో అచ్చయిన కౌటిల్యుని అర్థశాస్త్రమును మనవారు గూఢచారులను గూర్చియు సంధివిగ్రహములను గూర్చియు తెలిసికొనుటకే చదువుదురు. అది మౌర్యుల మంత్రి రచనయే యని పూర్వులు నమ్మిరి. అటుపిమ్మటి శతాబ్దులలో పలువురి చేతులమీదుగా కూర్పబడినదని నేటి పండితులలో పెక్కుమంది తలంపు. ఎవరు వ్రాసిననేమి, తృతీయాధికరణములోని వాస్తుప్రకరణమును వ్రాసినవాడు ఇరుకువీధిలో కాపురముండి యెఱిగినవాడే యనుటకు సందేహములేదు. ఇల్లు కట్టువాడు పొరుగువాని గోడనుండి రెండు మూరలో మూడడుగులో యెడము విడువవలెను. మురుగుకాలువ నీరు నిలువక చక్కగా పాఱునట్లు వాలు కట్టవలెను; కట్టనివానికి ఏబదినాలుగు పణముల దండుగ. బండి నిలుపుచోటు, పశువులను కట్టుచోటు, పొయ్యి, తిరుగలి, రోలు – వీనికన్నిటికిని ఎడము చెప్పబడినది. రెండిండ్ల చూరుల నడుమ నాలుగంగుళముల సందుండవలెను, లేదా ఒకదానిపై నొకటి ఎక్కియుండవలెను. గవాక్షము చిన్నదిగా, ఎత్తున నుండవలెను. పురిటియింటివారికి మాత్రము పదిదినములవఱకు గుంట త్రవ్వుకొను స్వాతంత్ర్యము కలదు. ఈ మినహాయింపును చదివినప్పుడు నాకా గ్రంథకర్తపై గౌరవము హెచ్చినది.

పై తరగతి పిల్లలకు ఈ భాగమును చెప్పితిని. రాజ్యములను గెలుచు విద్య చెప్పినవాడు చూరుల నడుమ అంగుళములు కొలుచుటయేమని వారు నవ్విరి. కాని ఆయన ఊరక కొలువలేదు. పగ యెట్లు ముదురునో ఆయన యెఱుగును. ఆ కొలతలన్నియు చెప్పిన పిమ్మట, ఇండ్లవారందఱును కలిసి సమ్మతించినచో తమ యిష్టము వచ్చినట్లు కట్టుకొనవచ్చుననియు, అనిష్టమైనదానిని కూడి వారించుకొనవచ్చుననియు విడిచిపెట్టెను. సమ్మతి కుదిరినచోట కొలత యక్కఱలేదు. అది తప్పినచోటనే కొలబద్ద కావలెను.

ఇది మన దేశపు విశేషము మాత్రమే యనుకొన్నవారు లండను నగరచరిత్ర చదువవలెను. ఆ నగరపు మొదటి మేయరైన హెన్రీ ఫిట్జెయిల్విను కాలముననే, 1189 ప్రాంతమున, పొరుగుతగవులకై నిబంధన లేర్పడెనని వారి సంప్రదాయము. ఇద్దఱి నడుమ రాతిగోడ మూడడుగుల మందముండవలెను, చెఱియొక అడుగున్నర నేల యీయవలెను. మఱుగుగుంటకు రాతికట్టున్నచో పొరుగునేలకు రెండున్నర అడుగులు, లేనిచో మూడున్నర అడుగులు ఎడముండవలెను. ఫిర్యాదు వచ్చినప్పుడు మేయరును పురపెద్దలును స్వయముగా ఆ స్థలమునకు పోయి చూచి తీర్పు చెప్పెడివారు. 1301 మొదలు 1431 వఱకు గల ఆ తీర్పుల చుట్టలు కొన్ని నేటికిని నిలిచియున్నవి. వానియందు కానవచ్చునవి మహాపరాధములు కావు. చూరునీరు, పొంగిన మఱుగుగుంట, పొరుగుదొడ్డిలోనికి చూచు కిటికీ. పాటలీపుత్రమునకును థేమ్సునదికిని ఎంత దూరమైనను మురుగునీరు చేయు పని ఒక్కటియే.

ఇంతకును పొరుగుతగవు తక్కిన తగవులవంటిది కాదు. మన శాస్త్రములలో నేలతగవునకు సాక్షి ఎవడు? పొరుగువాడే. వానికి సామంతుడని పేరు. వాస్తువివాదములను సామంతుల మాటపై తీర్పవలెనని కౌటిల్యుడు చెప్పెను. మనువు ఎనిమిదవ యధ్యాయమున పొలిమేరతగవులను గూర్చి వివరముగా వ్రాసెను: నేల బాగుగా కనబడు జ్యేష్ఠమాసమున హద్దులు చూడవలెను, మఱ్ఱి, రావి, మోదుగ, బూరుగు మున్నగు వృక్షములను హద్దుగా నాటవలెను, అవి పడిపోయినను సాక్ష్యము నశింపకుండుటకై రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, ఇటుకలు, బొగ్గులు భూమిలో పాతవలెను. అవియు చాలనిచో చుట్టుప్రక్కలవారు తలపై మట్టి పెట్టుకొని, ఎఱ్ఱని వస్త్రములు కట్టి, పూలదండలు దాల్చి, తమ సుకృతములపై ఒట్టు పెట్టుకొని హద్దు చూపవలెను. ఊరి సత్యమంతయు ఇరుగుపొరుగుల నాలుకపై నిలిచియున్నదన్నమాట. ఆ యిద్దఱి నడుమనే పగ పుట్టినచో పోయినది గోడప్రక్క జానెడు నేల మాత్రమే కాదు. ఆ నేలకు సాక్షియు పోయినాడు.

మనువే మఱియొక మాట చెప్పెను. ఇంటినిగాని, చెఱువునుగాని, తోటనుగాని, పొలమునుగాని భయపెట్టి అపహరించువానికి అయిదువందల దండుగ. తెలియక ఆక్రమించినవానికి రెండువందలు. నేల పోవుట రెండుచోట్లను సమానమే. అధికమైన మూడువందలు వెఱపు కలిగించినందులకని నేను భావించుచున్నాను. యాజ్ఞవల్క్యుడింకను సన్నగా చూచెను. గోడను కొట్టుట, పగులగొట్టుట, పడగొట్టుట యను వానికి వేర్వేఱు దండనలు చెప్పి, వెంటనే పొరుగింటిలోనికి బాధకరమైన వస్తువును విసరువానికి పదునాఱు పణములనియు, ప్రాణహరమైనదానిని విసరువానికి మధ్యమసాహసదండమనియు విధించెను. వ్యాఖ్యాతలు మొదటిదానికి ముండ్లను, రెండవదానికి పామును ఉదాహరింతురు. మా బాలుని దొడ్డిలో పడిన తుమ్మకంప ఆ శ్లోకములో నున్నది! ఆ స్మృతికి కల్యాణపురమున విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్యను, తిక్కనకు సమకాలికుడైన కేతన పదమూడవ శతాబ్దిలోనే తెనుగు పద్యములుగా మార్చినాడు. అనగా తెలుగువానికి ఈ ధర్మము తన భాషలో తెలిసి ఏడువందల యేండ్లు దాటినది. కంప వేయుటయు మానలేదు.

ఇంట భయపడువాడు ఏమి చేయవలెను? ఇంగ్లీషు చదివినవారు, ఎవని యిల్లు వానికి కోట యను న్యాయమును చెప్పుదురు. అది 1604 నాటి సెమెయిను వ్యవహారమునుండి ప్రసిద్ధమైనది. ఒక ఋణగ్రస్తుడు మరణింపగా, వాని సొత్తున్న యింటి తలుపును ఆ యింటిలోని సహభాగస్థుడు మూసివేసెను. సామాన్యుల అప్పుతగవునకై రాజోద్యోగి తలుపు పగులగొట్టరాదనియు, రాజపక్షమైన వ్యవహారమునందైనను తాను వచ్చిన పని చెప్పి తలుపు తెఱువుమని ముందుగా కోరవలెననియు న్యాయాధిపతులు నిర్ణయించిరి. గొప్ప న్యాయమే. కాని అది రాజభటునినుండి కాపాడు కోట. పొరుగువానినుండి ఏ కోట కాపాడును? నీళ్లకు పోవలెను, బడికి పోవలెను, దొడ్డికి పోవలెను. కోటలోనివాడు ముట్టడిలో నున్నవాడే కదా.

మన స్మృతికారులు గోడను నమ్మలేదు, కేకను నమ్మిరి. ఆపదలో ఒకడు కేక పెట్టగా విని పరుగెత్తి రానివానికి యాజ్ఞవల్క్యుడు నూఱు పణముల దండుగ వేసెను. కారణములేక కేక పెట్టినవానికిని అంతే. ఇంగ్లాండులో 1285 నాటి వించెస్టరు శాసనము ఊరివారందఱును కేకతో దొంగను వెన్నంటవలెనని విధించినది. గృహక్షేమమనగా రాత్రి పెట్టిన కేకకు ఎవరో పరుగెత్తి వత్తురను నమ్మకము. ఈ నమ్మకము ఉన్నవాడు తలుపు తీసి పరుండును; లేనివాడు ఇనుపతలుపు వెనుకనైనను పరుండలేడు.

అయితే ఈ శాస్త్రములను పొగడి ఊరకుండుట సత్యము కాదు. ఆ కేక ఎవరికి వినబడును? కొన్ని కులములవారి యిండ్లు ఊరి వెలుపల నుండవలెనని పదవ యధ్యాయమున వ్రాసినదియు ఆ మనువే. ఊరి వెలుపల నున్నవానికి ఊరిలోనివాడు సామంతుడగునా? వాని హద్దుకు సాక్ష్యమిచ్చునా? వాని కేకకు పరుగెత్తునా? దీనికి ఉత్తరము గ్రంథములలో వెదకనక్కఱలేదు, మన జిల్లాలలోనే యున్నది.

1985 జూలై 16వ తేదీ సాయంకాలము, నాడు ప్రకాశము జిల్లాలోను నేడు బాపట్ల జిల్లాలోను నున్న కారంచేడు గ్రామమున, మాదిగపల్లెవారు త్రాగు చెఱువునొద్ద భూస్వామికులపు యువకులు పశువుల బక్కెట్టు కడిగి నీటిని మురికిచేసిరి. ఒక బాలుడు కూడదనెను. వానిని కొట్టిరి. నీళ్లకు వచ్చిన ఒక స్త్రీ అడ్డుపడి తన బిందె నెత్తెను. జరిగినదింతే. కౌటిల్యుని పట్టికలో ఇది కొన్ని పణముల దండుగతో తీరవలసిన తగవు. మఱునాటి ఉదయము ఆయుధములతో గుంపు ఆ పల్లెపై పడినది. ఆఱుగురు పురుషులు హతులైరి, స్త్రీలు చెఱచబడిరి. కేకకు పరుగెత్తి రావలసిన పొరుగువారే గొడ్డళ్లు పట్టి వచ్చినవారు. బ్రతికినవారు చీరాలకు పాఱిపోయి అక్కడి చర్చి ఆవరణలో తలదాచుకొనిరి. వారు మరల ఆ యిండ్లకు పోలేదు. చీరాలలోనే వేఱొక కాలనీ కట్టుకొనిరి. సర్వోన్నత న్యాయస్థానపు తుదితీర్పు 2008లో వచ్చినది.

ఇట్టి ఘోరముల పిమ్మట 1989లో అత్యాచారముల నివారణకై ఒక చట్టము చేయబడినది. దానిని చదివినవాడు ఒక విషయము గమనింపక మానడు. దళితులు, గిరిజనులు వాడుకొను ఊటనుగాని చెఱువునుగాని మురికిచేయుట అందు ఒక నేరము. వారు ఇల్లునుగాని ఊరినిగాని విడిచిపోవునట్లు చేయుట మఱియొక నేరము. మొదటిదానికిని రెండవదానికిని నడుమ ఎంత దూరమున్నదో కారంచేటివారికి తెలియును: ఒక్క రాత్రి.

తక్కిన తగవులకు మన కిప్పుడున్న సాధనములును తక్కువ కావు. చూరునీటికిని వెలుతురుకును 1882 నాటి సౌకర్యహక్కుల చట్టము కలదు. ఇంగ్లాండులో 1361లో ఏర్పడిన పద్ధతి ననుసరించి, శాంతిభంగము చేయునట్లున్నవానిచేత ముందుగానే ముచ్చలికా వ్రాయించుకొను అధికారము మన మేజిస్ట్రేటులకు 107వ సెక్షను క్రింద చిరకాలము కలదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న నాగరిక సురక్షాసంహితలో అదియే 126వ సెక్షను. ఒక సంవత్సరమునకు మించకుండ కట్టుబాటు వ్రాయింపవచ్చును. కాని బెదరించినవానిని బెదరినవానిని ఒక్కతాట గట్టి, ఇరువురిచేతను సంతకములు పెట్టించి పంపుట నేను చూచితిని. మనువు అయిదువందలకును రెండువందలకును చూపిన భేదము అక్కడ మాయమైపోవును. మురుగునీరు సివిలు తగవు కావచ్చును. రాత్రి పడిన రాయి ఏ శాస్త్రము ప్రకారమును సివిలు తగవు కాదు.

బాలుని సంగతి చెప్పవలెను. మా వీధిలోని పెద్దల నిద్దఱిని వెంటబెట్టుకొని, ఒక ఆదివారమున పోయి ఆ కాలువను కొలిచితిమి. గోడకు జానెడు దూరమైనను లేదు. తప్పు మొదట వీరిదే. అది ఒప్పుకొనుటకు ఆ గృహస్థునకు గంట పట్టినది. రాళ్లు వేయించితినని ఒప్పుకొనుటకు పొరుగాయనకు రెండు గంటలు పట్టినది. ఉభయులును ఖర్చు పంచుకొని గొట్టము వేయించిరి. వర్షములు వెలిసినవి, గోడయు ఆఱినది. బాలుడు ఇప్పుడు తిన్నగా ఆ యింటి ముందునుండియే బడికి వచ్చుచున్నాడు. వాని తల్లి మాత్రము ఇప్పటికిని దీపము పెట్టినపిమ్మట దొడ్డి తలుపు తీయదట.