ఊరిపేరు నిలిపిన పాట

"మీది ఏ ఊరు?" అని గోదావరిఖనిలో ఎవరినైనను అడిగి చూడుడు. సాధారణముగా ఒక్క సమాధానముతో మాట ముగియదు. "మా తాతలది మంథని దిక్కున పల్లె, నేను పుట్టినది మాత్రము ఇక్కడే, ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో" అని ఒకరు చెప్పుదురు. మరియొకరు వరంగల్లు పేరో, శ్రీకాకుళము పేరో చెప్పి, కొంచెము ఆగి, "ఇప్పుడు ఖనియే మా ఊరు" అందురు. ఆ కొంచెము ఆగుటలోనే నేటి మన విషయ మున్నది. ఒక చోటు మనుష్యునకు "మా ఊరు" ఎప్పు డగును? ఆ మార్పులో పాటకు గల పాలెంత?

రామగుండము పాత ఊరు. రాముని గుండములను బట్టి ఆ పేరు వచ్చినదని జనుల నమ్మకము. దాని ప్రక్కన వెలసిన గోదావరిఖని పేరులో పురాణ మేమియు లేదు. నది పేరును, గని పేరును కలిపి చెప్పిన మాట యది. ఆ పట్టణములోని పేటలకు కొన్నిటికి గనుల సంఖ్యలే పేర్లు. సంఖ్యతో పిలువబడు పేట మీద పాట కట్టుట సులభము కాదు.

ఈ సీమకు ఆ పేర్లెట్లు వచ్చినవో కొంచెము వెనుకకు పోయి చూతము. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతములో బొగ్గును కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందినది. 1889లో బొగ్గు వెలికి రాసాగినది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. సింగరేణి యనునది ఖమ్మము సీమలోని ఒక చిన్న గ్రామము పేరు. ఆ చిన్న ఊరి పేరే బెల్లంపల్లికి, కొత్తగూడెమునకు వ్యాపించి, 1960 ప్రాంతమున రామగుండమునకు చేరి, నేడు గోదావరి లోయ పొడవునను వినవచ్చుచున్నది. ఆ గ్రామమును కన్నులార చూడని లక్షలాది జనులు "మాది సింగరేణి" అని గర్వముగా చెప్పుకొనుచున్నారు. ఒక ఊరిపేరునకు ఇంతకన్న గౌరవ మేమి కావలెను?

మన తెలుగువారికి పుట్టినసీమను పాడుకొనుట కొత్త గాదు. శంకరంబాడి సుందరాచారి 1942లో రచించిన "మా తెలుగు తల్లికి" గీతము టంగుటూరి సూర్యకుమారి కంఠమున గ్రామఫోను రికార్డుగా ఇంటింట వినబడినది. 1975లో ప్రపంచ తెలుగు మహాసభల నాటికి రాష్ట్రగీత గౌరవ మందినది. నిజాము పాలనకు ఎదురు తిరిగి చెరసాలపాలైన దాశరథి కృష్ణమాచార్యులు నిజామాబాదు జైలుగోడ మీద బొగ్గుముక్కతో పద్యములు వ్రాసిన సంగతి మన పెద్దలు మరువలేదు. బడిచదువు లేని అందెశ్రీ రచించిన "జయ జయహే తెలంగాణ" 2024 జూన్ 2న తెలంగాణ రాష్ట్రగీత మైనది.

ఇవి సీమ మొత్తమును గూర్చిన పాటలు. ఊరిని గూర్చిన పాట వేరు. అది ఇంకను దగ్గరనుండి పలుకును. రామగుండమునకు గోదావరి ఆవలి దిక్కున, నాటి ఆదిలాబాదు జిల్లా లింగాపురములో పుట్టిన గూడ అంజయ్య "ఊరు మనదిరా" అను పాట కట్టినాడు. ఊరి యందమును వర్ణించుట ఆ పాటకు ముఖ్యము గాదు. ఊరు ఎవరిది అను ప్రశ్నయే ముఖ్యము. శ్రమ చేసినవానిదే ఊరు అని దాని సమాధానము. తరువాతి కాలమున గోరటి వెంకన్న "పల్లె కన్నీరు పెడుతుందో" అను పాటలో కులవృత్తులు చితికిన పల్లెను తలచి దుఃఖించినాడు. ఒకటి హక్కును చాటిన పాట, మరియొకటి నష్టమును చెప్పిన పాట. రెండింటికిని మూలము ఊరిమీది మమకారమే.

బొగ్గుబావుల మధ్య పుట్టిన కొత్త ఊరికి పాట యెట్లు వచ్చును అను ప్రశ్న యింకను మిగిలియే యున్నది. దీనికి సమాధానము వెదకుచు మనము సముద్రము దాటి జపానుకు పోవలెను. ఊరిపాటలను అంత శ్రద్ధగా పెంచుకొన్న దేశములు కొద్ది. అచట పట్టణములు, రైలు కంపెనీలు కూడ కవులను పిలిపించి తమ ఊరిమీద పాటలు వ్రాయించుకొన్నవి. షిజువొకా పట్టణమున ఒక రైలు కంపెనీ తన వినోదవనమునకై 1927లో కితహర హకుషూ అను ప్రసిద్ధ కవిచే వ్రాయించిన "చక్కిరి బుషి" అట్టిదే. తేయాకు తోటల ఆ సీమకు నేటికిని అది గుర్తుగా నిలిచినది.

వ్రాయించుకొన్న పాట లటుండ, పనిలోనుండి పుట్టిన పాట యొకటి కలదు. దాని పేరు "తాంకో బుషి"; బొగ్గుగని పాట అని అర్థము. క్యూషూ ద్వీపమున, ఫుకువొకా మండలములోని తగావా పట్టణము దాని జన్మస్థానము. అచట బొగ్గునుండి రాళ్ళను ఏరివేయు స్త్రీలు పని అలసట తెలియకుండుటకు పాడుకొన్న పదము దానికి మూలము. గనిమీద చంద్రుడు ఉదయించుట, అచటి పొగగొట్టము మిక్కిలి ఎత్తగుటచే ఆ పొగ చంద్రునికి తగులునేమో యని జాలిపడుట దానిలోని భావము. ఆ పొగగొట్టములు కల్పన గావు. 1908లో కట్టిన రెండు గొట్టములు, 45 మీటర్లకు మించిన ఎత్తుతో, తగావాలో నేటికిని నిలిచియున్నవి.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట రేడియో, గ్రామఫోను రికార్డులు ఆ పాటను దేశమంతట వ్యాపింపజేసినవి. అప్పుడు చిత్రమైన సంగతి యొకటి జరిగినది. ఎక్కువమంది పాడిన పాఠములో తగావా గని పేరునకు బదులుగా, అదే మండలములోని పెద్దగని మీకే పేరు చేరినది. తమ ఊరి స్త్రీలు పాడిన పాట మరియొక ఊరిపేర ప్రసిద్ధమగుట తగావావారికి బాధ కలిగించుట సహజమే గదా. ఆ పాట పుట్టిల్లు తమదేయని వారు నేటికిని చెప్పుకొనుచున్నారు. పాటలోని ఒక్క పేరు కొరకు ఇంత పట్టుదల యేల యని మనము నవ్వరాదు. ఆ ఒక్క పేరులోనే వారి తల్లుల చెమట యున్నది.

పితృదేవతలను తలచు బోన్ పండుగ రాత్రులలో జపానీయులు నడుమ కొయ్యమంచె నిలిపి, దాని చుట్టు వలయముగా తిరుగుచు ఆ పాటకు ఆడుదురు. ఆటలోని అభినయములు గమనింపదగినవి. మొదట పారతో త్రవ్వుట, పిదప బొగ్గును భుజముపైకి ఎత్తుట, చేయి నుదుట నుంచి చంద్రుని చూచుట, బండిని త్రోయుట, చివరకు చప్పట్లు. బ్రదుకులో గని మొగము చూడని పిల్లలు సైతము ఈ విధముగా గనిపనిని చేతులతో నేర్చుకొనుచున్నారు. వలసపోయిన జపానీయులు ఆ ఆటను హవాయికి, కాలిఫోర్నియాకు కూడ తీసికొనిపోయినారు.

ఆ గనులు మాత్రము నేడు లేవు. తగావాలోని మిత్సుయి గని 1964లో మూతపడినది. 1963 నవంబరు 9న మీకే గనిలో జరిగిన ప్రేలుడులో 458 మంది మరణించినారు. 1997 మార్చిలో ఆ గని కూడ మూతపడినది. గని పోయినది, పాట మిగిలినది. తగావా సీమలోనే యమమోతో సకుబేయి అను వృద్ధ గనికార్మికుడు, అరువదియేండ్లు దాటిన పిమ్మట, తన మనుమల కొరకని గనిజీవితమును బొమ్మలుగా గీయ నారంభించినాడు. 2011లో యునెస్కో ఆ బొమ్మలకు ప్రపంచ స్మృతిలేఖ్యములలో చోటిచ్చినది. విద్వాంసుల కొరకు గాక మనుమల కొరకు గీయబడినవి గనుకనే వానిలో దాపరికము లేదు.

ఇక మన ఊరికి తిరిగి వత్తము. వలయముగా తిరుగుచు, చప్పట్లతో లయ నిలుపుచు పాడు ఆట మనకును కలదు. అదియే బతుకమ్మ. ఖనిలోని కాలనీలలో ప్రతి శరత్తునందును ఆ వలయము లేచుచున్నది. ఒకరు చరణ మందుకొందురు. తక్కినవారు "ఉయ్యాలో" అని పలుకుదురు. ఒక్కొక్క కోడలు తన పుట్టినింటినుండి తెచ్చిన పాటను ఆ వలయములో ఉంచినది. మంథని పాట, జగిత్యాల పాట, వరంగల్లు పాట అచట ఒక్క చప్పట్ల లయలో కలిసినవి. పల్లవి స్థిరముగా నుండగా చరణములలో క్రొత్త కథలు చేర్చుకొను సౌకర్యము ఆ బాణీలలో ఉన్నది. కనుక మొదటి పాళి సైరను, టోపీదీపము, బాయినుండి ఇంకను ఇల్లు చేరని మగనికై ఎదురుచూపు ఆ చరణములలోనికి రాకుండుటకు కారణము లేదు.

ఈ పని ఆలస్యము చేయరాదు. ఉపరితల గనులు విస్తరించినకొలది పాత పల్లెలు కొన్ని త్రవ్వకములో కలిసిపోయినవి. అట్టి పల్లెవారికి తిరిగి చూపుకొనుటకు రావిచెట్టు లేదు, చెరువుకట్ట లేదు. ఉన్నది జ్ఞాపకములోని పాట మాత్రమే. భూగర్భ గనులలో దిగిన మొదటి తరమువారు పెక్కుమంది వెళ్ళిపోయినారు. ఉన్నవారి కంఠములు సన్నగిల్లుచున్నవి. బొగ్గు తరిగిపోవునదే యని గనికార్మికునికి మనము చెప్పనక్కర లేదు. అది అతనికే ముందుగ తెలియును.

కావున ఈ సారి బతుకమ్మ నాడు మీ యింటి పెద్దమ్మ పాట యెత్తుకొన్నప్పుడు, ప్రక్కన ఒక పిల్లను కాగితముతో కూర్చుండబెట్టుడు. ఆమె పాడిన ప్రతి ఊరిపేరును తప్పక వ్రాయింపుడు. పేరు మారిపోయిన పిమ్మట పాట తనదని చెప్పుకొనుట యెంత కష్టమో తగావావారు ఎరుగుదురు.