పెద్దల చిత్రం, పెద్ద పెట్టుబడి: కృష్ణా డెల్టా చలనచిత్ర విపణిపై ఒక పరిశీలన

1972లో అమెరికాలో విడుదలైన ‘డీప్ త్రోట్’ నిర్మాణానికి అయిన ఖర్చు కొన్ని పదుల వేల డాలర్లు మాత్రమే. 1979 నాటి ‘కలిగులా’కు సుమారు 1.75 కోట్ల డాలర్లు వెచ్చించారు. పెంట్‌హౌస్ పత్రికాధిపతి బాబ్ గుచియోనె పెట్టిన ఆ ధనంతోనే పీటర్ ఓటూల్, హెలెన్ మిరెన్ వంటి నటులు శృంగారచిత్రంలో కనిపించారు. ఈ వైభవం ఎంతోకాలం నిలవలేదు. 1980లలో వీడియో క్యాసెట్ ఇంటింటికీ చేరింది. థియేటర్ వసూళ్లను నమ్ముకున్న భారీ వ్యయానికి ఆధారం పోయింది.

తెలుగునాట ఇటువంటి దశ అసలు రానేలేదు. అందుకు సెన్సారును కారణంగా చూపడం పరిపాటి. అది సగం సమాధానమే. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం పెద్దల చిత్రాన్ని నిషేధించలేదు, ‘ఎ’ సర్టిఫికెట్‌తో అనుమతించింది. మరి ఆ ముద్ర పడిన చిత్రానికి పెట్టుబడి ఎందుకు దొరకలేదు? జవాబు మద్రాసు స్టూడియోలలో కంటె విజయవాడ గాంధీనగర్ పంపిణీ కార్యాలయాలలోనే స్పష్టంగా లభిస్తుంది. కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి ఏరియాల హక్కులపై పంపిణీదారులు ముందుగా ఇచ్చే అడ్వాన్సే చాలా చిత్రాలకు మూలధనం. ఆ సొమ్ము తిరిగి రావాలంటే గుడివాడ, కైకలూరు వంటి ఊళ్ల హాళ్లకు స్త్రీలు పిల్లలను వెంటబెట్టుకొని రావాలి. ‘ఎ’ చిత్రం ఆ ప్రేక్షకులను గుమ్మం దగ్గరే వదులుకుంటుంది.

కనుక పెద్ద పెట్టుబడి శృంగారాన్ని వెలివేయలేదు. కుటుంబచిత్రంలో ఒక పాటగా ఇముడ్చుకుంది. జ్యోతిలక్ష్మి, జయమాలిని తర్వాత ఆ స్థానం సిల్క్ స్మితది. ఏలూరు సమీపంలోని కొవ్వలిలో 1960లో విజయలక్ష్మిగా పుట్టిన ఆమెకు ‘వండిచక్కరం’ (1980) అనే తమిళచిత్రంలోని పాత్ర ‘సిల్క్’ అన్న పేరు తెచ్చింది. ఆమె పాట ఉంటే ఏరియా హక్కులు తేలికగా అమ్ముడుపోయేవన్నది చిత్రసీమలో తరచు వినిపించే మాట. ఆ పాట వల్ల ధర పెరిగినది చిత్రానికి. కథానాయిక హోదా మాత్రం ఆమెకు అరుదుగానే దక్కింది.

పూర్తిస్థాయి పెద్దల చిత్రం డెల్టాకు మరోదారిలో, అదీ చౌకగా వచ్చింది. ‘అవళుడె రావుకళ్’ (1978) విజయంతో మలయాళంలో ఏర్పడిన విపణి, స్మిత నటించిన ‘లయనం’ (1989) మీదుగా, షకీలా ‘కిన్నారత్తుంబికళ్’ (2000) వరకు సాగింది. ఈ కోవ చిత్రాల అనువాదాలు ఇక్కడ ఉదయపు ఆటలకు పరిమితమయ్యాయి. మ్యాట్నీకి అదే తెరపై కుటుంబచిత్రం! హాలు యజమానికి ఇందులో వైరుధ్యమేమీ తోచలేదు. ఖాళీగా ఉండే వేళకు అద్దె వచ్చేది. సీడీలు, ఆపై ఇంటర్నెట్ ఆ ప్రేక్షకుణ్ణి తీసుకుపోయాయి. షకీలాను తెలుగు ప్రధానస్రవంతి ‘జయం’ (2002)లో హాస్యపాత్రకు పిలిచింది.

స్మిత నిర్మాతగా మారి నష్టపోయారని ఆనాటి కథనాలు చెబుతాయి. తెరపై తన రూపంతో ఇతరుల పెట్టుబడిని కాపాడిన స్త్రీ, సొంత పెట్టుబడిని కాపాడుకోలేకపోయింది. 1996 సెప్టెంబరు 23న మద్రాసులో మరణించారు.

2011లో ‘ది డర్టీ పిక్చర్’ పేరున్న సంస్థ, పేరున్న తార, ‘ఎ’ సర్టిఫికెట్‌లతో వచ్చి ఘనవిజయం సాధించింది. విద్యాబాలన్‌కు జాతీయ పురస్కారం లభించింది. ఇది స్మిత జీవితకథ కాదని నిర్మాతలు చెప్పుకున్నారు, ప్రేక్షకులు అలా భావించలేదు. 2012 ఏప్రిల్‌లో ఆ చిత్రాన్ని, అనేక కోతల తర్వాత, ఆదివారం పగటిపూట టెలివిజన్‌లో ప్రసారం చేయదలచారు. కేంద్ర సమాచార, ప్రసార శాఖ సూచనతో చివరి నిమిషంలో ప్రసారం ఆగిపోయింది.