హబ్షీ అనే మాట



మన వైపు నుండి పట్నం పోయేవారు మెహిదీపట్నం, మాసాబ్ ట్యాంకు దాటితే ఏ.సి. గార్డ్స్ అనే బస్తీ వస్తుంది. ఆ ఏ.సి. అంటే చల్లగాలి మిషను అనుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు. కాదు. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అనగా ఆఫ్రికా వారి గుర్రపు దళం. 19వ శతాబ్ది మధ్యకాలంలో వనపర్తి సంస్థానపు రాజా వద్ద నుండి ఈ హబ్షీ సిపాయిలు నిజాం కొలువుకు వచ్చారు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత ఆ దళం రద్దయింది. నౌకరీలు పోయాయి, బస్తీకి పేరు మిగిలింది. వారి మర్ఫా మాత్రం నేటికీ మన బరాత్‌లలో మోగుతూనే ఉంది.

అంతకు ముందే దక్కనులో మలిక్ అంబర్ ఉన్నాడు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించే స్థాయికి ఎదిగాడు. 1626లో కన్నుమూసే వరకు మొగలాయి సేనలకు కొరకరాని కొయ్యగా నిలిచాడు. జహంగీరు పాదుషా రణరంగంలో ఆయనను పట్టలేక, తన జ్ఞాపకాల పుస్తకంలో నలుపును ఎత్తి చూపి తిట్టాడు. అంబర్ తలను తాను బాణంతో కొడుతున్నట్లు బొమ్మ కూడా గీయించుకున్నాడు! పాలకులకు ఈ బుద్ధి నిన్న మొన్న పుట్టింది కాదు.

ఈ కాలం సంగతికి వద్దాం. 2017 ఏప్రిల్‌లో బి.జె.పి. మాజీ ఎం.పి. తరుణ్ విజయ్, మాకే వర్ణ వివక్ష ఉంటే దక్షిణాది వాళ్ళతో ఎట్లా కలిసి ఉంటామన్న అర్థం వచ్చేలా మాట్లాడి, తరువాత క్షమాపణ చెప్పారు. 2024 మే నెలలో కాంగ్రెసుకు చెందిన శాం పిట్రోడా, దేశంలోని వైవిధ్యం చెప్పబోయి దక్షిణాది వాళ్ళు ఆఫ్రికా వారిలా ఉంటారన్నారు. మే 8న ప్రధాని మోదీ వరంగల్ సభలో, చర్మం రంగును బట్టి దేశ ప్రజలను అవమానించారని మండిపడ్డారు. పిట్రోడా ఆ రోజే పదవికి రాజీనామా చేశారు, జూన్‌లో మళ్ళీ అదే పదవి దక్కింది. 13న మన చేవెళ్ళ నియోజకవర్గంలో ఓట్లు పడ్డాయి. గొడవ అంతటితో సరి.

ఆ నాలుగు రోజులు హోటళ్ళలో చాయ్ తాగుతూ మనమంతా ఈ పార్టీని, ఆ పార్టీని తిట్టుకున్నాం. కానీ ఒక మాట ఎవ్వరూ అడగలేదు. ఆఫ్రికా వాళ్ళలా ఉన్నారంటే అది తిట్టు ఎట్లా అయింది? తిట్టు అని ఒప్పుకున్నామంటే, ఏ.సి. గార్డ్స్ వారిని ఏమనుకుంటున్నట్లు? మన ఇళ్ళలో రిష్తా మాట రాగానే మొదటి ప్రశ్న "పిల్ల రంగు సాఫేనా?" అని. మర్ఫాకు వాళ్ళను పిలుస్తాం, సంబంధానికి ఎందరం వెళ్ళాం?

హజ్రత్ అబూజర్ ఒక మనిషిని అతని తల్లి పేరెత్తి ఎత్తిపొడిచారు. ఆ మనిషి హజ్రత్ బిలాల్ అని వ్యాఖ్యాతలు చెప్తారు. నీలో ఇంకా జాహిలియత్ మిగిలి ఉందని ప్రవక్త (స) ముఖం మీదనే మందలించారు. ఈ సంగతి మనకు ఎలా తెలిసింది? అబూజర్ స్వయంగా చెప్పారు గనుక. ఏళ్ళు గడిచాక రబజాలో ఆయన, ఆయన బానిస ఒకే రకం దుస్తులు వేసుకుని ఉండగా ఎవరో కారణం అడిగారు. ఆయన దాచుకోకుండా తన తప్పే మొదట చెప్పారు. ఆయన ఎంత గొప్ప సహాబీయో పిల్లలకు చెప్తాం గానీ, ఈ కథను మేము తరగతిలో చాలా ఏళ్ళు దాటవేశాం.

అందుకు కారణమూ వ్రాయాలి. చాలా ఏళ్ళ క్రిందట మా తరగతిలో ఒక నల్లని అబ్బాయి ఉండేవాడు. హాజరు పిలిచేటప్పుడు ఒకరోజు మేమే సరదాకు "ఏరా హబ్షీ" అన్నాం. తరగతంతా నవ్వింది, వాడూ నవ్వాడు. ఆ రోజు నుండి బడి విడిచే దాకా వాడికి అదే పేరు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. కనబడితే ఆపి, "సలాం సార్, ఎక్కండి" అంటాడు, కిరాయి ఇస్తే తీసుకోడు. ఎన్నోసార్లు వాడి వెనక సీట్లో కూర్చున్నాం, ఆ మాట ఎత్తలేదు. ఈ సంచిక అచ్చయి వచ్చాక ఒక ప్రతి వాడికి మేమే స్వయంగా తీసుకెళ్ళి ఇవ్వాలని ఉంది.