జకార్తా ఒడంబడిక సవరణ

జకార్తా ఒడంబడిక 1945 జూన్ 22న తొమ్మిదిమంది నాయకుల సంఘం ఆమోదించిన ఇండోనేషియా రాజ్యాంగ పీఠిక ముసాయిదా. సంఘంలో క్రైస్తవుడు ఎ. ఎ. మరామిస్ ఒక్కరే. దైవ విశ్వాసాన్ని చెప్పే వాక్యానికి, ముస్లింలు షరియత్‌ను పాటించాలనే ఏడు మాటలు అందులో జతపడ్డాయి.

ఆగస్టు 17న స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. ఆ ఏడు మాటలు ఉంటే తూర్పు దీవుల క్రైస్తవులు కొత్త దేశంలో చేరరన్న కబురు స్వాతంత్ర్యోద్యమ నాయకుడు మహమ్మద్ హట్టాకు అందింది. మర్నాడు ఉదయం, రాజ్యాంగాన్ని ఆమోదించాల్సిన స్వాతంత్ర్య సన్నాహక సంఘం సమావేశానికి ముందే, ఆయన కీ బాగుస్ హదికుసుమో తదితర ముస్లిం నాయకులతో మాట్లాడారు. ఏడు మాటలు తీసేసి, ఏకైక దైవంపై విశ్వాసం అన్న సూత్రాన్ని ఉంచారు. ఇండోనేషియా రాజ్య మూలసూత్రాలైన పంచశీలలో నేటికీ అదే మొదటిది.

అధిక సంఖ్యాకులైన ముస్లింల నాయకులే పట్టు సడలించడం ఈ సంప్రదింపుల ప్రత్యేకత. అయినా వివాదం సమసిపోలేదు. 1956-59 రాజ్యాంగ సభలో మళ్లీ రేగింది. 2002లో ఆ మాటలను తిరిగి చేర్చే ప్రయత్నం విఫలమైంది.