నిచ్చెన కాదు, చెట్టు

"డార్విన్ చెప్పింది మన పునర్జన్మ సిద్ధాంతమే; జీవుడు పురుగు నుంచి మనిషి దాకా ఎక్కి వచ్చాడు" - కాశీబుగ్గలో చదువుకున్నవారి నోట నేను తరచూ వినే మాట ఇది. ఈ సమన్వయం సనాతనమైనదేమీ కాదు. డార్విన్ గ్రంథం వెలువడింది 1859లో. దివ్యజ్ఞాన సమాజ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ 1877లో దశావతారాలను పరిణామక్రమంగా వ్యాఖ్యానించింది. 1882లో ఆ సమాజం మద్రాసు అడయారుకు చేరింది. పరాయి పాలనలో అవమానపడుతున్న మన విద్యావంతులకు ఆ వ్యాఖ్యానం ఊరటనిచ్చింది. దాన్ని నేను కాదనను.

కాని ఈ పొత్తు కుదరదు. పరిణామంలో మారేది ఒక జీవుడి ఆత్మ కాదు, తరతరాలుగా ఒక జీవజాతి. అది నిచ్చెన కాదు, కొమ్మలు చీలిన చెట్టు. మన జిల్లా శ్రీకూర్మంలోని తాబేలు మనిషి జన్మ కోసం ఎదురుచూడటం లేదు. అది మన దాయాది. కర్మ సిద్ధాంతం మనిషి మీద తీర్పు చెబుతుంది. ప్రకృతివరణం ఎవరి మీదా తీర్పు చెప్పదు.

ఉద్దానంలో ఈ తేడా ప్రాణాల మీది మాట. జీడి, కొబ్బరి తోటల్లో చెమటోడ్చేవారి మూత్రపిండాలు ఎందుకు చెడుతున్నాయో తేల్చడానికి 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు పరిశోధనా కేంద్రం వెలిసింది. రోగం "పూర్వజన్మ పాపం" అయితే నీటినీ, నేలనూ, ఎండలో చాకిరినీ ప్రశ్నించే పని లేదు. ఆ మాటకు డార్విన్ పేరు అరువివ్వడం రచయితల పని కాదు.