ఫ్రిజ్ చప్పుళ్లు (దక్షిణ తెలంగాణ ఇళ్లలో)

ఇంట్లో ఫ్రిజ్ నడిచేటప్పుడు, ఆగేటప్పుడు వినిపించే శబ్దాల్లో చాలా వరకు దాని పనిలో భాగమే. ఆగాక వచ్చే బుడబుడ సన్నని గొట్టంలో గ్యాస్ సర్దుకుంటున్న చప్పుడు. ఉండుండి వచ్చే టప్‌మనే శబ్దం చలికి, వేడికి ప్లాస్టిక్ గోడలు బిగుసుకుని సాగడం వల్ల వస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కొత్త చప్పుడు మొదలైతే మెకానిక్‌ను పిలిచే ముందు ఎండనూ, కరెంటునూ, కింది బండలనూ చూడటం మేలు.

ఫ్రిజ్ లేబుల్ మీద 'ఎస్‌టి' అని ఉంటే 38 డిగ్రీల వేడి వరకు, 'టి' అని ఉంటే 43 డిగ్రీల వరకు పనిచేసేలా తయారైందని అర్థం. నల్లగొండలో మే నెలలో 43 దాటే రోజులున్నాయి. రేకుల ఇంట్లో ఇంకా ఉక్క. అప్పుడు కంప్రెసర్ ఆగకుండా నడవడం, ఇన్వర్టర్ రకమైతే సన్నగా కూయడం సహజమే. గోడకు కాస్త ఎడం చేసి, వెనక జాలీ మీది దుమ్ము దులిపితే కొంత తగ్గుతుంది.

పట్టించుకోవాల్సింది మరో రకం: గుర్‌ర్‌మని కొన్ని సెకన్లు మూలిగి, టక్‌మని ఆగి, కొన్ని నిమిషాలకు మళ్లీ అదే వరస. కంప్రెసర్ తిరగబోయి తిరగలేక వేడెక్కితే ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్ కరెంటును తెంచే చప్పుడది. 230 వోల్టులు రావాల్సిన చోట బాగా తక్కువ వస్తే, ముఖ్యంగా ఒకే లైను మీద బోరు మోటార్లు నడిచే ఊళ్లలో, ఇలా జరుగుతుంది. ఫ్యాన్ కూడా నెమ్మదిగా తిరుగుతుంటే తప్పు ఫ్రిజ్‌ది కాదు. వెంటనే స్విచ్ తీసి, వోల్టేజి కుదుటపడ్డాక, కనీసం ఐదు నిమిషాలాగి వేయాలి. వోల్టేజి బాగున్నా అదే వరసైతే ముందుగా కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే రిలే చూపించాలి. కంప్రెసర్ మార్చడంకన్నా అది ఎంతో చవక. స్టెబిలైజర్ కూడా టక్‌మంటుంది గానీ ఆ టక్‌తో ఫ్రిజ్ మూలుగు ఆగదు.

ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో టకటకమనే చప్పుడు తలుపు తీయగానే ఆగితే లోపలి ఫ్యాన్ రెక్కలు మంచుకు తగులుతున్నట్టే. ప్లగ్ తీసి, తలుపు తెరిచి రాత్రంతా వదిలేయాలి. కత్తితో గీకితే గొట్టానికి చిల్లు పడొచ్చు. మంచు మళ్లీ పేరుకుంటే తలుపు రబ్బరు చూడాలి.

షాబాద్, తాండూరు బండలు పరిచిన ఇళ్లలో అతుకు ఎత్తుపల్లాల వల్ల ఒక కాలు గాలిలో ఉండి ఫ్రిజ్ అదురుతుంది. చేత్తో అదిమితే అదురు ఆగిందా, ముందరి కాలి మర తిప్పితే చాలు.

కొత్త ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండే ఆర్-600ఎ గ్యాస్ మండే స్వభావం గలది. లీకేజీ అనుమానముంటే తలుపులు, కిటికీలు తెరిచి, అగ్గిపుల్ల గీయకుండా, స్విచ్‌లు ముట్టకుండా, ఆ గ్యాస్ పని తెలిసిన మెకానిక్‌నే పిలవాలి.