శరీరానుసారము, ఆత్మానుసారము: డిచ్‌పల్లి చెప్పిన అర్థము

శరీరానుసారముగా గాక ఆత్మానుసారముగా బ్రదుకవలెనను పౌలు ఉపదేశము క్రైస్తవ దేవాలయములలో తరచుగా వినబడునట్టిది. నిజామాబాదు పట్టణమునందును, బోధను చెరకు పల్లెలయందును ఆ మాట వినని క్రైస్తవ కుటుంబ ముండదు. అయితే విన్న మాట యొకటి, చెవికి తోచిన యర్థ మొకటి. దేహమును తూట్ల తిత్తియని తూలనాడు తత్త్వములను తరతరములుగా ఆలకించిన తెలుగువారము మనము. కావున శరీరమనగానే ఈ రక్తమాంసముల దేహమే పాపమునకు మూలమని, దానిని అణచుటయే ఆత్మజీవనమని తలంచుట మనకు సులభము. ఈ పొరపాటు మనకు మాత్రమే చెందినది కాదు. అయిదవ శతాబ్దమున సిరియాదేశపు సిమియోను స్తంభముపై నిలిచి యేండ్ల తరబడి దేహమును శోషింపజేసికొనుట చూచి లోకము అబ్బురపడెను.

పౌలు వ్రాసిన గ్రీకుభాషలో ఈ విషయమునకు రెండు పదములు గలవు. 'సోమ' యనగా దేహము. 'సార్క్స్' అనగా మాంసము; కాని అతడు ఆత్మకు విరోధముగా నిలిపినప్పుడు ఆ పదమునకు, దేవుని విడిచి తన్ను తానే నమ్ముకొని, తనకొరకే బ్రదుకు మనుష్యుని స్వభావమని యర్థము. మన తెలుగు బైబిలులో రోమా పత్రిక 8వ అధ్యాయమున ఈ సార్క్సునకు 'శరీర'మను మాట వాడిరి. అదే పత్రిక 12వ అధ్యాయమున దేవునికి సజీవయాగముగా సమర్పింపదగిన సోమకును 'శరీర'మనియే వ్రాసిరి. అనువాదకులను నిందింపబోము, భాషకు గల యిబ్బంది యది. అయినను గలతీయుల పత్రికలో శరీరకార్యములని యెంచిన వానిని లెక్కించి చూడుడు. జారత్వము, మద్యపానము ఉన్నమాట నిజమే. కాని ద్వేషము, కలహము, మత్సరము, క్రోధము, కక్షలు మొదలగు మనోవికారములే అందు సగమునకు మించినవి. ఉపవాసముతో ఎముకలగూడైనవానికిని ఇవి యుండవచ్చును.

ఈ యర్థమును మా ప్రాంతమున వ్యాఖ్యానగ్రంథములకంటె స్పష్టముగా చెప్పినది ఒక వైద్యశాల. స్కాట్లండులో 1875లో పుట్టి, అబర్డీను విశ్వవిద్యాలయమున వైద్యము చదివిన ఇసబెల్ కెర్ అను ఆమె, వెస్లియను మిషను బోధకుడైన భర్త జార్జి కెర్‌తో 1907లో హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. కుష్ఠురోగుల దుఃస్థితి కంటబడగా 1911లో నిజామాబాదున వారికొక చిన్న ఆశ్రయమును దంపతులు తెరచిరి. వచ్చువారు పెరిగి చోటు చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడు అను హిందూ దాత పెద్ద విరాళ మొసగగా, 1915లో నిజామాబాదునకు సమీపముననే యున్న డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు చికిత్సాలయము వెలసినది. నాటికి నిజాంసాగరము లేదు; 1937లో స్థాపితమైన బోధను చక్కెర కర్మాగారమును లేదు.

ఆ రోగము చేయు కీడును మనవారు సరిగా నెరుగకుండిరి. దానికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెను 1873లో కనుగొనెను. అది నరములను పట్టి స్పర్శను హరించును. బెల్లము కాచు కొప్పెర అంచు తగిలి చేయి కాలినను, చెరకుమోడు గుచ్చుకొని పాదము చీలినను రోగికి తెలియదు. ఆ గాయములే ముదిరి పుండ్లై వ్రేళ్లను తినివేయును. నొప్పి తెలియకపోవుటయే ఈ వినాశమునకు ముఖ్యహేతువని 1947 తరువాత వేలూరులో పాల్ బ్రాండు నిరూపించెను. దేహమునకు బాధ లేకుండుటయే పరమపదమనువారు ఈ యొక్క సంగతి నాలోచింపవలెను.

సుశ్రుతుడు తువరకమని చెప్పిన జాతి చెట్ల గింజల నూనెయే 1920 తరువాత డిచ్‌పల్లిలోను ముఖ్యమైన మందాయెను. త్రాగిన వాంతి యగును. సూదితో నెక్కించిన మిక్కిలి నొప్పి. నెలల తరబడి, ఒక్కొకప్పుడు ఏండ్ల తరబడి, ఇతరులు తాకనొల్లని చర్మమును తాకి ఆ సూది వేయవలెను, పుండ్లు కడిగి కట్టు కట్టవలెను. ఇదంతయు దేహమునకు చేసిన శుశ్రూషయే. దీనిని శరీరానుసారమనుటకు ఎవరికి నోరు వచ్చును? పౌలు చెప్పిన సార్క్సు అచ్చట రోగియొక్క పుండులో లేదు. ఇంటినుండి అతనిని వెడలగొట్టిన ఆరోగ్యవంతుల జంకులో, ఏవగింపులో నున్నది. ఫ్రాన్సిసు అను ఇటలీ సాధువు, ఒకప్పుడు కుష్ఠురోగులను చూచుటయే తనకు చేదుగా నుండెడిదని, వారిని సేవించిన పిదప ఆ చేదే ఆత్మకును దేహమునకును మాధుర్యమైనదని 1226లో తన మరణశాసనమున చెప్పుకొనెను. ఆత్మకు మాత్రమే యనలేదు.

కెర్ దంపతుల సంఘమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీయు, పరిశుద్ధతను బోధించుచునే, 1747లో బీదల కొరకు గృహవైద్యపు పుస్తకము ప్రకటించినవాడు. అయినను మిషనువారిని దేవతలను చేయుట మా యభిమతము కాదు. వైద్యముతో బోధయు నడచినది. రోగార్తుని నిస్సహాయతను మతబోధకు అదనుగా గొనరాదనువారి యాక్షేపము తోసివేయదగినది కాదు. మరియు ఆ చికిత్సాలయపు పుట్టుకలో హిందువు ధనమును కలదు. ఆత్మఫలములలో ఔదార్యమొకటి యగునెడల, నర్సాగౌడుగారి దానమును ఏ పద్దున వ్రాయవలెనో బోధకులే చెప్పుదురుగాక.

ఇసబెల్ కెర్ 1932లో మరణించెను. తరువాతి దశాబ్దమున డాప్సోను వచ్చినది. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ బహుళౌషధ చికిత్సను నిర్దేశించుటతో కుష్ఠు నిశ్చయముగా కుదురు రోగమైనది. తువరకపు నూనెతో పని తీరినది. ఏవగింపునకు మాత్రము మందు అంత త్వరగా పట్టలేదు. క్రైస్తవులకు వర్తించు 1869 నాటి వివాహవిచ్ఛేద చట్టమును 2001లో సవరించినప్పుడు, భార్యాభర్తలలో నొకరికి కుదురరాని కుష్ఠుండుట విడాకులకు కారణముగా నందు చేర్చిరి. రోగము కుదురుటకు మార్గ మేర్పడి అప్పటికి ఇరువదియేండ్లు. ఆ నిబంధనను పార్లమెంటు తొలగించినది 2019లో.